మే నెలలో క్రీకు నీళ్లలో సిలికా ఎందుకు పడిపోతుంది?

తాళ్లరేవు వైపు క్రీకు (పోటు నీరు ఎక్కి దిగే పాయ) నీళ్లతో వెనామీ రొయ్యల చెరువులు చేస్తున్న ఒక రైతు అడిగిన ప్రశ్న ఇది. ఆగస్టులో పంపు దగ్గర నీళ్లు పట్టి పరీక్ష చేయిస్తే కరిగిన సిలికా లీటరుకు 9 మిల్లీగ్రాములు వచ్చిందట. అదే పంపు, అదే ల్యాబు, మే నెలలో 0.6 వచ్చింది. ల్యాబు వాళ్లు పొరపాటు చేశారా, క్రీకు పాడైందా, షాపులో చెబుతున్నట్టు సిలికేట్ కొని చల్లాలా అని అడిగారు. ఇంకో మాట కూడా రాశారు: సిలికా అంత బాగా ఉన్న ఆగస్టులో కూడా క్రీకు నీటికి డయాటమ్‌ల (సిలికాతో గోడ కట్టుకునే సూక్ష్మమైన నాచు కణాల) గోధుమ రంగు కనిపించలేదు, మరి సిలికాకీ రంగుకీ ఉన్న సంబంధం ఏమిటని.

నేను యానాం, కాకినాడ అఖాతం మధ్య నీటి రసాయనం కొలిచే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను. ముందు జవాబు చెప్పేస్తాను. రెండు అంకెలూ నిజమే అయి ఉండే అవకాశం ఎక్కువ. మీ క్రీకుకు సిలికా గోదావరి తెచ్చిపెడుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు ఎత్తి ఉన్నప్పుడు మీ పంపు తోడేది గోదావరి నీరు. గేట్లు దించేశాక మీ పంపు తోడేది బంగాళాఖాతం నీరు, అందులో సిలికా చాలా కొద్దిగా ఉంటుంది. క్రీకు పాడవలేదు, ఏటా అలాగే జరుగుతుంది. సిలికేట్ సంగతి చివర్లో చెబుతాను, ఎందుకంటే చెరువులో నత్రజని ఎంతుందో తెలియకుండా దానికి అవునని గానీ కాదని గానీ చెప్పకూడదు. ఈలోగా ఒక్కటి గుర్తుపెట్టుకోండి: పక్కన సాలినిటీ (నీటి ఉప్పదనం) రాయని సిలికా అంకెను నమ్మి నిర్ణయం తీసుకోవద్దు.

ఇప్పుడు కారణాలు.

సిలికా అంటే ఇసుకే కదా, మన ఒడ్డంతా ఇసుకే, మరి కరువేమిటని చాలామంది అడుగుతారు. ఇసుక రేణువులు ఎక్కువగా క్వార్ట్జ్. అది మామూలు నీటిలో కరిగే వేగం ఎంత తక్కువంటే, ఒక పంట కాలంలో దాని నుంచి వచ్చేది లెక్కలోకే రాదు. డయాటమ్‌లకు పనికొచ్చే సిలికా వేరే దారిలో వస్తుంది. వాన నీరు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త ఆమ్ల గుణం తెచ్చుకుంటుంది. ఆ నీరు రాళ్లలోని ఫెల్డ్‌స్పార్ లాంటి ఖనిజాలను మెల్లగా విడగొడుతుంది. మిగిలిన భాగం బంకమట్టి అవుతుంది, కొంత సిలికా సిలిసిక్ ఆమ్లంగా నీటిలో కరిగి నదిలోకి చేరుతుంది. గోదావరి త్ర్యంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు వస్తుంది. ఎగువ భాగమంతా దక్కను నల్లరాతి మీదుగానే ప్రవహిస్తుంది. మన నల్లరేగడి నేలలకు మూలం ఆ బసాల్ట్ రాయే, గ్రానైట్‌తో పోలిస్తే అది త్వరగా శిథిలమవుతుంది. కిందికి వచ్చాక ప్రాణహిత, ఇంద్రావతి, శబరి కలుస్తాయి. వర్షాకాలపు నీటిలో పెద్ద వాటా వాటిదే.

ప్రపంచ నదుల సగటు చూస్తే లీటరుకు 9 నుంచి 10 మిల్లీగ్రాముల సిలికా ఉంటుంది. మీకు ఆగస్టులో వచ్చిన 9 ఏ మాత్రం వింత కాదు. సముద్రపు పై నీటిలో చాలాచోట్ల ఇది 0.3 మిల్లీగ్రాముల లోపే ఉంటుంది, అక్కడ డయాటమ్‌లు ఎప్పటికప్పుడు తినేస్తూ ఉంటాయి కాబట్టి.

ఈ రెండు నీళ్లూ క్రీకులో కలవడం చిక్కటి పాలలో నీళ్లు పోసినట్టే. సగం పాలు, సగం నీళ్లయితే చిక్కదనం సగానికి వస్తుంది. అంతకంటే పలచగా ఉందంటే మధ్యలో ఏదో జరిగిందని అర్థం. ఇక్కడ ఎంత పాలు, ఎంత నీళ్లు అన్నది చెప్పేది సాలినిటీ. లెక్క కోసం నది నీటిలో సాలినిటీ 0, సిలికా 9 అనుకుందాం. సముద్రంలో సాలినిటీ 33, సిలికా 0.2 అనుకుందాం. సాలినిటీ 16 లేదా 17 ఉన్న నీటిలో సిలికా 4.6 దగ్గర ఉండాలి. సాలినిటీ 31కి చేరితే 0.7 మిగలాలి. మే నెలలో మీ క్రీకు సాలినిటీ ఎంతుందో రాయలేదు గానీ, ఆ వైపు వేసవిలో 30 దాటడం మామూలే. అలా అయితే మీకు వచ్చిన 0.6 ఈ లెక్కకు దగ్గరగానే ఉంది.

గ్రాఫ్ కాగితం మీద అడ్డంగా సాలినిటీ, నిలువుగా సిలికా పెట్టి నది బిందువునూ సముద్రపు బిందువునూ ఒక గీతతో కలపండి. మీ నమూనా గీత మీద పడితే రెండు నీళ్లు కలవడం తప్ప ఇంకేమీ జరగలేదన్నమాట. గీత కింద పడితే ఎవరో సిలికా తీసుకున్నారు. గీత పైన పడితే ఎక్కడి నుంచో వచ్చి చేరింది. నదీముఖాల మీద పనిచేసేవాళ్లందరూ ముందు గీసేది ఈ గీతనే. రైతు కూడా గీయవచ్చు, ఇందులో కష్టమేమీ లేదు.

ఇక ఏడాది పొడవునా ఏం జరుగుతుందో చూద్దాం.

జూన్ చివర, జూలైలో గోదావరికి ఎర్రనీరు రావడంతో ఈ కథ మొదలవుతుంది. కొద్ది రోజుల్లోనే యానాం దగ్గర నీరు ఉప్పు నుంచి తియ్యగా మారిపోతుంది, దాంతోపాటే సిలికా పైకి లేస్తుంది. కోరంగి, గాడేరు పాయల గుండా ఆ నీరు మడ అడవిలోకీ, అక్కడి నుంచి కాకినాడ అఖాతంలోకీ చేరుతుంది. తూర్పున హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ అడ్డంగా ఉండటం వల్ల లోపలికి వచ్చిన నది నీరు వెంటనే సముద్రంలో చెదిరిపోదు. అందుకే అఖాతం దక్షిణ భాగంలో వరద ప్రభావం కొన్నాళ్లు నిలిచి ఉంటుంది.

వరద బాగా ఎక్కువగా ఉన్న రోజున సిలికా సాంద్రత కూడా అన్నిటికంటే ఎక్కువ ఉంటుందనుకోవద్దు. కొత్త వాన నీరు రాయితో, మట్టితో గడిపిన సమయం తక్కువ. అందుకని పెద్ద వరదలో అంకె కాస్త తగ్గి, వరద తీశాక మట్టిలో ఇంకిన నీరు ఊటగా వచ్చేటప్పుడు మళ్లీ పెరగడం సహజం. అయినా సముద్రానికి మోసుకెళ్లే మొత్తం మాత్రం వరద రోజులదే. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, అప్పుడు సుమారు 10 లక్షల క్యూసెక్కులు కిందికి పోతుంటాయి. అంటే సెకనుకు దాదాపు 28,300 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 8 గ్రాముల సిలికా వేసుకున్నా ఒక్క రోజులో 19 వేల టన్నులు దాటుతుంది. 1986 ఆగస్టు వరదలో 35 లక్షల క్యూసెక్కులు పైన వెళ్లాయి. ఆ రోజుల లెక్క మీరే వేసుకోండి. మే నెలలో ఇదే లెక్క దాదాపు సున్నా.

మరి అంత సిలికా ఉన్నప్పుడు ఆగస్టులో డయాటమ్‌లు ఎందుకు పెరగలేదు? ఇది మంచి ప్రశ్న. రెండు కారణాలున్నాయి. మొదటిది వెలుతురు. వరద నీటిలో చెయ్యి ముంచితే వేళ్లు కనబడవు, అంత ఒండ్రు. డయాటమ్ కూడా మొక్కలాగే ఎండతో బతికేది, వెలుతురు లేనిచోట ఎంత ఆహారం ఉన్నా పెరగదు. రెండోది సమయం. డయాటమ్ కణం రెట్టింపు కావడానికి సుమారు ఒక రోజు పడుతుంది. నది ఆ నీటిని అంతకంటే వేగంగా సముద్రంలోకి తోసేస్తుంటే మంద కట్టే వీలెక్కడ? అందుకే ఆగస్టు, సెప్టెంబరు నమూనాలు గీత మీద చక్కగా కూర్చుంటాయి. ఎవరూ తినలేదు కనుక.

అసలు విందు వరద తగ్గాక మొదలవుతుంది. సెప్టెంబరు చివర నుంచి నవంబరు వరకు ఒండ్రు దిగి నీరు తేటపడుతుంది, ప్రవాహం నెమ్మదిస్తుంది, సిలికా ఇంకా పుష్కలంగా ఉంటుంది, పొలాల నుంచి వచ్చిన నత్రజని, భాస్వరం కూడా ఉంటాయి. వెలుతురు దొరికిన వారం పది రోజుల్లో నీటి రంగు మారిపోతుంది. గోదావరి గౌతమి పాయ నదీముఖంలో విశాఖపట్నంలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం వాళ్లు చేసిన అధ్యయనాల్లో కూడా ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవుల) ఉప్పెన వరద రోజుల్లో కాక, నది తగ్గి బురద దిగాకే కనిపించింది. స్కెలిటోనిమా, కీటోసెరస్, థలాసియోసైరా లాంటి గొలుసు డయాటమ్‌లు సూక్ష్మదర్శిని కింద ఒకదానికొకటి అంటుకుని కనిపించే కాలం ఇది. అప్పుడు తీసిన నమూనాలను గ్రాఫ్ మీద పెడితే మధ్య సాలినిటీల దగ్గర బిందువులు గీత కిందికి వంగి ఉంటాయి. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన దృశ్యం ఆ వంపే. నాసిక్ కొండల్లోనో బస్తర్ అడవుల్లోనో రాయి విడిచిన సిలికా ఇక్కడ ఒక కణం గోడగా మారిన గుర్తు ఆ వంపులో కనబడుతుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. అక్టోబరు, నవంబరులో గీత కింద పడిన ప్రతి బిందువూ డయాటమ్‌లు తిన్నదే కాదు. తుపాను వానలు ఆ నెలల్లోనే వస్తాయి. నేరుగా క్రీకు మీద పడిన వాన నీటిలో సిలికా దాదాపు ఉండదు. అది సాలినిటీని తగ్గిస్తుంది గానీ సిలికాను పెంచదు. కనుక పెద్ద వాన పడిన రెండు మూడు రోజుల్లో తీసిన నమూనా గీత కింద పడితే తొందరపడి డయాటమ్‌లు విజృంభించాయని రాయకండి. నీటి రంగు, పచ్చదనం (క్లోరోఫిల్) పరీక్ష కూడా చూశాకే ఆ మాట అనాలి.

డిసెంబరు తర్వాత లెక్క మారుతుంది. నదిలో వచ్చే కాస్త నీరూ దాళ్వా (రెండో పంట వరి) కోసం కాలువల్లోకి మళ్లుతుంది. నీరు చాలని ఏడాదిలో సీలేరు నీళ్లు తెస్తారు. సుమారు 10 లక్షల ఎకరాల ఆయకట్టు తాగాక ధవళేశ్వరం దిగువకు గేట్లు దాటి వచ్చేది ఏమీ ఉండదు. పోటు ఉప్పు నీటిని గౌతమి పాయలో పైకి తోసుకుంటూ పోతుంది. యానాం దగ్గర నీరు నోట పోసుకోలేనంత ఉప్పగా మారుతుంది. నది బిందువు మాయమైందన్నమాట. అందుకే వేసవిలో ఆ గీతను కాస్త జాగ్రత్తగా వాడాలి. అప్పుడు క్రీకు పైభాగంలో మిగిలిన తీపి నీరు ఆగస్టు నది నీరు కాదు, వారాల తరబడి నిలిచిన నీరు. మీ మే నమూనా గీతకు దగ్గరగా వచ్చిందన్నాను గానీ, దాన్ని అంతవరకే తీసుకోండి.

నది మూసుకున్నా సిలికా పూర్తిగా ఆగిపోదు. రెండు దారులు మిగులుతాయి.

ఒకటి మురుగు కాలువలు. వరి పైరు సిలికాను బాగా పీల్చుకునే మొక్క. ఊకను కాలిస్తే దాని బరువులో దాదాపు అయిదో వంతు బూడిద మిగులుతుంది, ఆ బూడిదలో చాలా భాగం సిలికాయే. దాళ్వా చేలలో నిలిచిన నీరు మట్టి నుంచి, కుళ్లే గడ్డి నుంచి సిలికాను తీసుకుని తుల్యభాగ లాంటి మురుగు కాలువల్లోకి దిగుతుంది. ఫిబ్రవరి, మార్చిలో మురుగు కాలువ కలిసే చోటికి దగ్గరగా ఉన్న పంపుకూ, సముద్రం వైపు ఉన్న పంపుకూ సిలికా తేడా రావడానికి ఇదొక పెద్ద కారణం. కోతలు అయిపోయి, ఏప్రిల్, మే నెలల్లో మరమ్మతుల కోసం కాలువలు కట్టేశాక ఈ దారి కూడా ఎండిపోతుంది. మీ మే నమూనా సరిగ్గా అప్పటిది.

రెండోది మడ అడవి బురద. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, చాలామంది వదిలేసేది దీన్నే.

చచ్చిన డయాటమ్‌లు, వాటిని తిన్న చిన్న జీవుల మలం, అన్నీ అడుగుకు దిగుతాయి. తిన్న జీవి డయాటమ్ లోపలి సారం అరిగించుకుంటుంది గానీ సిలికా గోడను అరిగించుకోలేదు. బురదలో బ్యాక్టీరియా ముందు ఆ గోడ మీది సేంద్రియ పొరను తినేస్తుంది, ఆ తర్వాత గోడ కరగడం మొదలవుతుంది. ఇలాంటి సిలికా 25 డిగ్రీల నీటిలో లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటేదాకా కరగగలదు, క్రీకు నీళ్లలో ఉన్నదేమో అందులో చిన్న వంతు. కాబట్టి కరగడం ఎప్పటికీ ఆగదు, వేడి పెరిగితే ఇంకా వేగం అవుతుంది. ఏప్రిల్, మే ఎండల్లో నల్ల బురద లోపలి నీటిలో సిలికా పైనున్న క్రీకు నీటి కంటే ఎన్నో రెట్లు ఉంటుంది.

అది బయటికి వచ్చేది ఆటు సమయంలో. పోటు ఎక్కినప్పుడు ఉప్పు నీరు మడ చెట్ల మధ్యకు, పీతల బొరియల్లోకి నిండుతుంది. నీరు తీసేటప్పుడు బురదలో ఊరిన నీటిని వెంటబెట్టుకుని సన్న కాలువల గుండా క్రీకులోకి దిగుతుంది. గాడేరు వైపు పాయల్లో వేసవిలో ఒకే రోజు పోటు నిండాక ఒక నమూనా, ఆటు చివర ఒక నమూనా తీస్తే సిలికాలో రెండు మూడు రెట్ల తేడా నేను చాలాసార్లు చూశాను. సాలినిటీలో మాత్రం తేడా కొద్దిగానే ఉంటుంది. ఆటు చివరి బిందువు గీతకు బాగా పైన ఉంటుంది. అది బురద ఇచ్చిన సిలికా. అమావాస్య, పున్నమి పెద్ద పోట్లకు అడవి లోపలిదాకా నీరు వెళ్తుంది కనుక ఈ తేడా మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

ఇప్పుడు మీ పంపు సంగతికి రండి. మన రైతులు నీళ్లు తోడేది పోటు మీద. అప్పుడే క్రీకులో నీరు నిండుగా ఉంటుంది, బురద తక్కువ వస్తుంది. నమూనా కూడా పంపు ఆడుతున్నప్పుడే పడతారు. అంటే మే నెలలో, కాలువలు కట్టేశాక, పోటు మీద. ఏడాది మొత్తంలో సిలికా అన్నిటికంటే తక్కువ ఉండే గడియలో మీరు సీసా ముంచారు. అదే రోజు ఆటు చివర ముంచి ఉంటే 0.6కు బదులు ఎక్కువే వచ్చి ఉండేది. అలాగని ఆటు చివర నీళ్లు తోడమని నా సలహా కాదు. ఆ నీటిలో ఆక్సిజన్ తక్కువ, సల్ఫైడ్, అమ్మోనియా ఎక్కువ, పక్క చెరువులు వదిలిన నీరు కూడా అప్పుడే దిగుతుంది. రొయ్యకు అది మంచిది కాదు.

బురదకు చేరిన సిలికా అంతా తిరిగి రాదు. కొంత భాగం ఇనుము, అల్యూమినియంతో కలిసి అక్కడే కొత్త బంకమట్టిగా మారిపోతుంది. అమెజాన్ డెల్టా బురదలో ఇది ఊహించిన దానికంటే ఎంతో వేగంగా జరుగుతోందని 1995లో చూపించారు. ఒండ్రు బాగా దిగే ఉష్ణమండల డెల్టాలన్నిటికీ వర్తించే విషయం కనుక మన దగ్గర కూడా దాన్ని లెక్కలో ఉంచుకోవాలి.

ఆనకట్టల మాట కూడా ఒకసారి చెప్పి ముందుకు వెళ్తాను. నిల్వ ఉన్న తేట నీటిలో డయాటమ్‌లు పెరిగి అడుగున చేరితే ఆ సిలికా కిందికి రాదు. డాన్యూబ్ నది మీద ఐరన్ గేట్స్ ఆనకట్ట 1970ల మొదట్లో పూర్తయ్యాక నల్ల సముద్రపు ఒడ్డున సిలికా బాగా తగ్గిందనీ, డయాటమ్‌ల చోట వేరే ప్లాంక్టన్ వచ్చిందనీ 1990ల్లో ఒక అధ్యయనం చెప్పింది. ఆ ఒక్క ఆనకట్టే కారణం కాదు, ఎగువనున్న మిగతా జలాశయాలన్నీ కలిసి చేసిన పని అని తర్వాతి కొలతలు సూచించాయి. మనకు ధవళేశ్వరం బ్యారేజీ వెనక నిల్వ చిన్నది, వరద దాన్ని దాటి పోతుంది. ఎగువన జాయక్‌వాడి, శ్రీరాంసాగర్ పెద్దవి. పోలవరం నిండాక దిగువ సిలికా ఎలా మారుతుందో తెలియాలంటే ఇప్పటి అంకెలు మన చేతిలో ఉండాలి. అందుకే మీలాంటి రైతులు పరీక్ష కాగితాలు పారేయకుండా దాచమని ప్రతి ఒక్కరినీ అడుగుతుంటాను.

ఇక కొలవడం గురించి. ల్యాబు తప్పు కాకపోవచ్చన్నాను గానీ, సిలికా పరీక్షలో తప్పు జరిగే చోట్లు కొన్ని ఉన్నాయి, వాటిని ఒకసారి సరిచూసుకోండి.

నమూనా గాజు సీసాలో పట్టవద్దు. గాజే సిలికా, అది నీటిలోకి దిగుతుంది. వేసవిలోలాగా అంకె తక్కువగా ఉన్నప్పుడు ఆ కాస్తే ఫలితాన్ని మార్చేస్తుంది. ప్లాస్టిక్ సీసాను అదే నీటితో రెండు మూడుసార్లు కడిగి పట్టండి. వడగట్టేటప్పుడు గాజు పీచు కాగితం కూడా వద్దు. సీసాను చీకట్లో, ఐసు పెట్టెలో పెట్టి తొందరగా ల్యాబుకు ఇవ్వండి. గడ్డకట్టించకండి, ముఖ్యంగా వరద కాలపు నమూనాలను. గడ్డకడితే సిలికా అణువులు ఒకదానికొకటి అతుక్కుని పరీక్షకు దొరక్కుండా పోతాయి, అంకె తగ్గి వస్తుంది.

పరీక్ష మాలిబ్డేట్ రంగు మీద జరుగుతుంది. సిలికా ఎక్కువ ఉంటే పసుపు రంగుతో సరిపోతుంది, వేసవి నీళ్లకు దాన్ని నీలంగా మార్చి కొలవాలి. ఫాస్ఫేట్ కూడా అదే రంగు ఇస్తుంది కాబట్టి ఆక్జాలిక్ ఆమ్లం వేసి దాని ప్రభావం తీసేయాలి. మడ క్రీకు నీటికి సొంతంగా టీ రంగు ఉంటుంది. మందులు కలపని నీటితో ఒక ఖాళీ రీడింగ్ తీసి దాన్ని తగ్గించారా లేదా అడగండి. ఉప్పు కూడా రంగును కాస్త తగ్గిస్తుంది, మంచి ల్యాబు దానికి సవరణ చేస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ గందరగోళం చేసేది ఇది: అంకె సిలికా లెక్కనా, సిలికాన్ లెక్కనా? ఒకే నీటికి సిలికాన్‌గా 4.2 అని ఒక కాగితం, సిలికాగా 9 అని ఇంకో కాగితం రావచ్చు, రెండూ ఒప్పే. సిలికాన్ అంకెను 2.14తో గుణిస్తే సిలికా అంకె వస్తుంది. పరిశోధన పత్రాల్లో మైక్రోమోలార్ అని ఉంటే 0.06తో గుణించండి, లీటరుకు మిల్లీగ్రాముల సిలికా వస్తుంది. ఈ సంగతి చూడకుండా రెండు ల్యాబుల కాగితాలు పక్కపక్కన పెట్టుకుని కంగారుపడినవాళ్లు చాలామంది ఉన్నారు.

సిలికేట్ కొనాలా? 0.6 మిల్లీగ్రాములు అంటే సుమారు 10 మైక్రోమోలార్. సహజమైన క్రీకులో డయాటమ్‌లు బతకడానికి అది చాలు, దాదాపు 2 మైక్రోమోలార్ దాకా దిగితేనే వాటికి ఇబ్బంది మొదలవుతుంది. కానీ చెరువు వేరు. అక్కడ మేత వల్ల నత్రజని రోజూ చేరుతుంది. డయాటమ్‌లు నత్రజనినీ సిలికాన్‌నూ ఇంచుమించు సమానమైన మోల్‌లలో, అంటే పరమాణువుల లెక్కలో సమానంగా తీసుకుంటాయి. బరువు లెక్కలో చెప్పాలంటే, నీటిలో అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ అన్నీ కలిపి ఒక మిల్లీగ్రాము నత్రజని ఉంటే దాన్ని డయాటమ్‌లు వాడుకోవడానికి 4.3 మిల్లీగ్రాముల సిలికా కావాలి. మీ 0.6 కేవలం 0.14 మిల్లీగ్రాముల నత్రజనికి సరిపోతుంది. మేత పెరిగాక అది ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. సిలికా అయిపోయి నత్రజని, భాస్వరం మిగిలితే సిలికా అక్కర్లేని ఆకుపచ్చ నాచు, నీలి ఆకుపచ్చ నాచు ఆ చోటు తీసుకుంటాయి. మే నెలలో గోధుమ రంగు నిలవకపోవడానికి కారణం ఎక్కువగా ఇదే.

కనుక ముందు చెరువు నీళ్లలో మొత్తం నత్రజని (అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ మూడూ కలిపి) పరీక్ష చేయించండి. పై నిష్పత్తికి సిలికా బాగా తక్కువగా ఉంటే సిలికేట్ వల్ల ఉపయోగం ఉంటుంది. ఒక ఎకరం చెరువులో నాలుగు అడుగుల నీరుంటే, లీటరుకు ఒక మిల్లీగ్రాము సిలికా పెంచడానికి దాదాపు 5 కిలోల సిలికా కావాలి. బజారులో దొరికే సోడియం సిలికేట్ ద్రవంలో సిలికా సుమారు 28 శాతం ఉంటుంది, అంటే దాదాపు 18 కిలోల ద్రవం. డబ్బా మీద సిలికా శాతం రాయని మందును కొనవద్దు. సోడియం సిలికేట్ గట్టి క్షారం. ఒకేసారి పోస్తే పీహెచ్ ఎగిరి, ఉన్న అమ్మోనియా విషంగా మారుతుంది. ఎక్కువ నీటిలో పలచన చేసి, పీహెచ్ తక్కువగా ఉండే తెల్లవారు వేళలో, ఏరియేటర్లు ఆడుతుండగా, మూడు నాలుగు రోజులకు పంచి వేయాలి. పీహెచ్ అప్పటికే 8.5 దాటి ఉంటే ఆగండి.

కొనేముందు ఇంకో పని చేయండి: మీకు బోరు ఉంటే దాని నీళ్లు పరీక్షించండి. భూమి లోపల నీరు మట్టితో చాలాకాలం కలిసి ఉంటుంది కాబట్టి సిలికా నది కంటే ఎక్కువే పట్టి ఉంచుతుంది. కాట్రేనికోన వైపు ఒక రైతు వేసవిలో సాలినిటీ తగ్గించడానికి బోరు నీళ్లు కలుపుతూనే సిలికేట్ కూడా చల్లుతుండేవారు. బోరు నీళ్లు కొలిస్తే లీటరుకు 30 మిల్లీగ్రాముల పైన సిలికా ఉంది. ఆయనకు సిలికేట్ అవసరమే లేదు, మేత తగ్గించి నత్రజనిని అదుపులో పెడితే నీరు దానంతటదే తేరుకుంది. అలాగని సిలికా కోసం బోరు ఎక్కువగా తోడకండి. మన డెల్టాలో తీపి నీటి పొర సన్ననిది, దాని కింద ఉప్పు నీరు కాచుకుని ఉంటుంది. ఒకసారి అది పైకి ఎక్కిందంటే మీ పక్క వరి చేనూ, ఊరి తాగునీరూ పోతాయి.

ఊక బూడిద చల్లమని కొందరు చెబుతారు. అందులో సిలికా ఉన్న మాట నిజమే. ఎక్కువ వేడి మీద కాలిన బూడిదలో అది గట్టిపడి స్ఫటికమైపోతుంది, చాలా నెమ్మదిగా కరుగుతుంది. పంట మధ్యలో దాన్ని నమ్ముకోవద్దు. చెరువు ఎండగట్టినప్పుడు మట్టిలో కలుపుకుంటే నష్టం లేదు.

ఈ జూన్ నుంచి నెలకు రెండుసార్లు, పోటు నిండాక ఒకటి, ఆటు చివర ఒకటి నమూనాలు తీయండి. ప్రతి సీసా మీద తేదీ, వేళ, పోటో ఆటో, సాలినిటీ, అంతకుముందు మూడు రోజుల్లో వాన పడిందా లేదా రాయండి. మీ పంపు మురుగు కాలువ కలిసే చోటికి ఎంత దూరంలో ఉందో, చెరువులో మొత్తం నత్రజని ఎంతో, మే నమూనా నాటి సాలినిటీ ఎంతో ఇక్కడే రాయండి. గీత వేసి మీ బిందువులు ఎక్కడ పడుతున్నాయో, ఎకరానికి సిలికేట్ కావాలో వద్దో లెక్కగట్టి చెబుతాను.